మూడో సూది తర్వాత

ఇంటి నుంచి
మే 28

వదిన గారికి,

ఇవాళ్టి పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. మందుల డబ్బా తుడిచి ఉదయంవి ఒక అరలో, రాత్రివి ఒక అరలో సర్దాను. తాగే నీళ్ళు కాచి చల్లార్చాను. మీ తమ్ముడి టైలరింగ్ షాపు తెరిచి, కుట్టకుండా ఆగిపోయిన గుడ్డలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చి వచ్చాను. ఆరు పనులు అనుకున్నాను, నాలుగయ్యాయి. ఐదోది ఈ ఉత్తరం. ఆరోది ఫ్రిజ్ శుభ్రం చేయడం. అది ఎందుకో కింద రాస్తాను.

ఫోను చేయొచ్చు కదా అని మీ తమ్ముడు అంటున్నారు. మిల్లు మరల మధ్య మీరు పోగొట్టుకున్న చెవులకి వినపడేలా నేను అరిస్తే మా ఇంటి జబ్బు వీధి మొత్తానికి తెలుస్తోంది. ఉత్తరమే నయం.

మొదటి విడత కీమో తర్వాత ఏం జరిగిందో మీకు సగమే తెలుసు. మందు ఎక్కించి వారం దాటాక ఆయన నోరంతా పూసింది. తర్వాత చలి, జ్వరం. ఆసుపత్రిలో పెట్టుకున్నారు. రక్తంలో తెల్లకణాలు దాదాపు ఖాళీ అయిపోయాయట. రోగాలతో పోట్లాడేవి అవే. వాటంతట అవి తేరుకునేదాకా ఆగాలి కాబట్టి రెండో విడత వెనక్కి జరిగింది.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఈ లింఫోమా క్యాన్సరే అయినా నయమయ్యే జబ్బే. కానీ విడతలు తేదీ తప్పకుండా పడాలి, మోతాదు తగ్గకుండా పడాలి. ప్రతిసారీ ఇలా జ్వరం వస్తే నేను మందు తగ్గించక తప్పదు. మందు తగ్గితే ఆ మేరకు నయమయ్యే ఆశా తగ్గుతుంది."

అందుకని రెండో విడత నుంచి కొత్త సూదులు రాశారు. గ్రోత్ ఫ్యాక్టర్ అంటారట. ఎముకల లోపల మూలుగలో రక్తం తయారవుతుంది కదా, కీమో దెబ్బకి ఆ కార్ఖానా కూడా చతికిలబడుతుందట. ఈ సూది వెళ్ళి త్వరగా పనిలోకి దిగమని దాన్ని తట్టి లేపుతుంది. కీమో అయిన తర్వాత రోజుకొకటి, మొత్తం ఏడు. పొట్ట మీద చర్మం చిటికెలో పట్టుకుని వేయాలి. ఇంట్లో నేనే వేయొచ్చట. నర్సు ఒక స్పాంజి ముక్క ఇచ్చి దాని మీద నేర్పించింది. "మీ చెయ్యి వణకట్లేదండీ" అని మెచ్చుకుంది కూడా. స్పాంజి కదా, అరవలేదు.

మీ తమ్ముడు మాత్రం అప్పుడే మొదలుపెట్టారు. "ఇన్నేళ్ళు నేను గుడ్డకి పొడిచిన సూదులన్నీ ఇప్పుడు నువ్వు నా పొట్టలో వసూలు చేస్తావన్నమాట" అన్నారు. "కదిలితే కుట్టు వంకర పోతుంది, మీరే చెప్పేవారు" అన్నాను.

ఆ సూదులు చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. అందుకే ఫ్రిజ్. మధ్య అర మొత్తం ఖాళీ చేసి వాటికే ఇచ్చేస్తున్నాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు


మేడ మీది గది నుంచి
జూన్ 1

లెక్కలమ్మాయికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తమ్ముడి కోసం, రెండోసారి నీ అక్షరాల కోసం. పాఠం అప్పజెప్పినట్టు అన్నీ వరసన రాశావు. నువ్వు ఏడ్చిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. అది ఏ అరలో సర్దావో.

వాడికి చిన్నప్పటి నుంచీ సూదంటే భయమే. బడిలో టీకాలు వేసే రోజున బీరువా వెనక దాక్కున్నాడు. వాణ్ణి చెవి పట్టుకుని లాక్కెళ్ళింది నేనే. తర్వాత సూదులతోనే బతుకు వెళ్ళదీశాడు చూడు. నువ్వు వేస్తే మాత్రం ఊరుకుంటాడు. నువ్వంటే వాడికి భయం ఎక్కువ.

ఇక్కడ నేను కులాసా. మేడ మీద తొట్టెల్లో బీన్సు, టమాటాలు వేశాను. పోయిన వారం ఎరువు వేస్తే టమాటాలు జానెడు లేచాయి. పక్కన కలుపు మూరెడు లేచింది. కూర్చుని పీకుతుంటే నాకు ఒక సందేహం వచ్చింది. అడగనా, వద్దా అని ఆగాను. కడుపులో పెట్టుకోవడం నా వల్ల కాదు, అడిగేస్తాను.

ఆ సూది కణాలని పెంచుతుందన్నావు. వాడి జబ్బు కూడా తెల్లకణాలదే అని మొదట్లో నువ్వే రాశావు. ఏది పెంచాలో, ఏది వదిలేయాలో ఆ మందుకెలా తెలుస్తుంది? నా ఎరువుకి అయితే తెలియలేదు. డాక్టరమ్మ చదువుకున్నావిడ, ఆలోచించే ఉంటుంది. నాది మట్టి పిసికే బుర్ర. ఊరికే అడిగాను.

వేళకి తిను. వాడికి పెట్టి నువ్వు మర్చిపోకు.

మీ వదిన


ఇంటి నుంచి
జూన్ 9

వదిన గారికి,

ఇవాళ్టి పనులు: వంటగది గోడలు తుడిచాను. అటక మీది సామాను దించి సర్దాను. పాత గోనెలు విప్పి మళ్ళీ కట్టాను. తలుపులకి నూనె వేశాను. కిటికీ తెరలు ఉతికాను. మీ తమ్ముడు మధ్యాహ్నం నిద్రపోతుంటే చెప్పుల అర కూడా కడిగాను. అనుకున్నవన్నీ అయ్యాయి. అనుకోనివి కూడా అయ్యాయి.

మీ ఉత్తరం అందింది. బీన్సు బాగా కాయాలి.

రెండో విడత కీమో జూన్ రెండున ఇచ్చారు. నాలుగో తేదీ నుంచి సూదులు మొదలుపెట్టాను. మొదటి రోజు ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా?" అన్నారు. అప్పటికి నేను మూత కూడా తీయలేదు. మూడూ సక్రమంగానే వేశాను. రెండో రోజు నుంచి నడుము కొంచెం లాగుతోందన్నారు. నూనె రాశాను.

డాక్టరమ్మ రక్త పరీక్షకి పన్నెండో తేదీన రమ్మన్నారు. నేను ఏ వంటా మధ్యలో మూత తీసి చూడకుండా దించలేదు, మీకు తెలుసు. మొన్న ఆదివారం పొద్దున్నే వీధి చివర లాబు అతన్ని ఇంటికి పిలిచి రక్తం ఇప్పించాను. మధ్యాహ్నం వెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. తెల్లకణాలు ముప్పై ఎనిమిది వేలు. పదకొండు వేలు దాటకూడదని పక్కనే అచ్చు వేసి ఉంది. అంకె ఎర్ర సిరాలో ఉంది. "చాలా ఎక్కువున్నాయమ్మా, త్వరగా డాక్టరుకి చూపించండి" అన్నాడు లాబతను.

ఆదివారం కదా, డాక్టరమ్మ ఉండరు. ఇంటికి వచ్చి ఆయనతో పేకాట ఆడాను. నేర్పించమని నేనే అడిగాను. మూడు ఆటలు ఓడిపోయాను. ఆయన చాలా సంతోషించారు.

సూదుల పని ఇక అయిపోయినట్టే. ఫ్రిజ్‌లో అర మళ్ళీ మామూలుగా వాడుకోవచ్చు.

కలుపు పీకేటప్పుడు వేరు తెగకుండా రావాలంటే ఏం చేస్తారు? ఊరికే అడిగాను.

మీ మరదలు


మేడ మీది గది నుంచి
జూన్ 12

అమ్మాయ్,

అయిపోయినట్టే అంటే ఏమిటి? ఏడు అన్నావు. మూడు వేశానన్నావు. నీకు కూడికలు నేను నేర్పాలా?

నువ్వు మిగతా సూదులు ఆపేశావు. ఆ అంకె చూసి జబ్బు తిరగబెట్టిందనుకున్నావు. దానికి తోడు నా ఎరువు కబురొకటి నీ చెవిలో ఉంది. సూది జబ్బుని మేపుతోందనుకుని ఆపేశావు. అవునా కాదా?

నేను మట్టి పిసుక్కునేదాన్నని రాశాను కదే. ఊరికే అడిగానని కూడా రాశాను. డాక్టరుని అడగకుండా నా మాట మీద అంత పని చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తిట్లన్నీ నాకే తగులుతున్నాయి.

పొద్దుటి నుంచి కింది వాటా ఆవిడ చేత రెండుసార్లు ఫోను చేయించాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేయిస్తాను. తమ్ముడు ఎత్తితే ఏమని చెప్పించాలో తెలియడం లేదు. వాడికి నువ్వేం చెప్పావో నాకు తెలియదు కదా.

ఈ ఉత్తరం చేరగానే, పొయ్యి మీద ఏమున్నా దించేసి, ఆ కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. ఆవిడ అరిస్తే అరవనీ. చెప్పులు కూడా మార్చుకోకు. వెళ్ళు.

వదిన


ఆసుపత్రి వరండా నుంచి
జూన్ 16

వదిన గారికి,

ముందు అసలు సంగతి: ఆయనకి జ్వరం తగ్గింది. నిన్న సాయంత్రం లేచి కూర్చుని, పక్క మంచం ఆయన చొక్కా చేతులు పొట్టిగా కుట్టారని వంక పెట్టారు. కాబట్టి కంగారు పడకండి.

మీ ఉత్తరం ఇంటి తలుపు కింద పడి ఉంది. బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు చూశాను. మీరు ఫోను చేయించిన పొద్దున్నే మేము ఆటోలో ఉన్నాం. తెల్లారేసరికి ఆయనకి పళ్ళు కొట్టుకునేంత చలి. పన్నెండో తేదీ పరీక్ష ఆసుపత్రిలోనే చేశారు. ముప్పై ఎనిమిది వేలున్న చోట మూడు వందలు ఉన్నాయి.

మీరు ఊహించినదంతా నిజమే. మీకు తెలియనిది ఇంకొకటి ఉంది. నాలుగో రోజు ఆయన "సూది ఏది?" అని అడిగితే, "మూడు చాలని డాక్టరమ్మ ఫోను చేశారు" అని చెప్పాను. పిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మకి ఇక్కడే, ఈ వరండాలో, నిలబడి చెప్పాను. లాబు కాగితం చూపించాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు.

"ఎప్పుడు చేయించారు ఈ పరీక్ష?"

"మూడో సూది మర్నాడు."

"ఎవరు చేయించమన్నారు?"

"ఎవరూ అనలేదు. మధ్యలో చూసుకుందామని."

"ఇది నాకు చూపిస్తే నేను నవ్వి వెనక్కి ఇచ్చేదాన్ని" అన్నారు. అంటున్నప్పుడు నవ్వలేదు. "మూలుగ ఒక గోదాములాంటిది. సూది వెళ్ళగానే అందులో సిద్ధంగా ఉన్న సరుకంతా ఒక్కసారి బయటికి తోసేస్తుంది. అంకె ఎగురుతుంది. అది రెండు రోజుల ముచ్చట. కీమో అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది. అప్పటికి కొత్త సరుకు తయారవుతూ ఉండాలి. మిగతా నాలుగు సూదులు అందుకే. గోదాము ఖాళీ అయ్యాక మీరు కార్ఖానాకి తాళం వేశారు."

నేను అప్పుడు మీ ప్రశ్న అడిగాను. మీ పేరు చెప్పలేదు. నాదేనన్నట్టు అడిగాను.

ఆవిడ కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాగి కూర్చోమన్నారు. "అది తెలివితక్కువ ప్రశ్న కాదు. మేమూ వేసుకున్నదే. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో ఇప్పటికీ ఆచితూచి వాడతాం. కానీ తెల్లకణాలన్నీ ఒక్క తెగ కాదు. ఈ సూది మాట వినేది సూక్ష్మజీవుల మీద పడే తెగ. మీ వారి జబ్బు వేరే తెగది. దానికి ఈ మాట వినపడదు. నడుము లాగిందన్నారా? మంచిదే. మూలుగ పనిలోకి దిగినప్పుడు ఎముకలు అలాగే నొప్పెడతాయి. మీరు ఆ ప్రశ్న నన్ను అడగాల్సింది, లాబు కాగితాన్ని కాదు."

ఎందుకు అడగలేదని ఆవిడ అడగలేదు. మీరు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. సోమవారం, మళ్ళీ మంగళవారం పొద్దున ఆసుపత్రికి చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. అడిగితే అవునంటారని భయం వేసింది. కింద పెట్టేసి అటక మీది సామాను దించాను.

ఇప్పుడు చిక్కంతా వేరే ఉంది. ఆసుపత్రిలో సూదులు మళ్ళీ మొదలుపెట్టారు, కణాలు లేస్తున్నాయి. కానీ మీ తమ్ముడు నిన్న డాక్టరమ్మతో గట్టిగా చెప్పేశారు. "మూడు వేస్తే చాలన్నారు, వేయించుకున్నాను. నడుము విరిగేలా నొప్పి, ఆపైన జ్వరం ఎలాగూ వచ్చింది. నిలవని కుట్టు ఎన్నిసార్లు వేస్తే ఏం లాభం? వచ్చే విడతకి ఈ సూదులు నాకొద్దు." ఆవిడ నా వైపు చూశారు. ఆయన ముందు ఏమీ అనలేదు.

బయటికి వచ్చాక అన్నారు. "సూదులు లేకుండా మూడో విడత పూర్తి మోతాదు నేను ఇవ్వలేను. సూది పనిచేయలేదని ఆయన నమ్ముతున్నారు. ఎందుకు పనిచేయలేదో నేను చెప్పనా, మీరు చెప్తారా?"

నేనే చెప్తానన్నాను. అది నిన్నటి మాట. ఇవాళ పొద్దుటి నుంచి మూడుసార్లు ఆ గదిలోకి వెళ్ళి దుప్పటి సర్ది వచ్చాను.

మీ మరదలు


మేడ మీది గది నుంచి
జూన్ 20

నా తల్లీ,

వాడు పక్క మంచం వాడి చొక్కాకి వంక పెట్టాడన్న వాక్యం దగ్గరే నేను భోజనానికి లేచాను. రెండు రోజుల తర్వాత ముద్ద దిగింది. మిగతాది తిన్నాక చదివాను.

డాక్టరమ్మ దగ్గర నా పేరు దాచడం ఏమిటి? ఎందుకే ఆ పెద్దరికం నీకు? సూది ఆపింది నువ్వే, ఒప్పుకుంటాను. విత్తనం వేసింది నేను. ఈసారి ఆవిడ కనిపిస్తే, మా వదిన చెవిటిదే కాదు, నోరు కూడా ఆగదు అని చెప్పు. ఆ జబ్బుకణాలకీ మాట వినపడదట కదా. నాకు తోడు దొరికాయి. నాలాగే మొండివి కాకుండా ఉంటే బాగుండు.

నీకు ఒక దారి చెప్దామని కూర్చున్నాను. నేను వాడికి ఉత్తరం రాస్తాను, "నేనే ఆపించాను రా, నీ పెళ్ళాం పాపం నా మాట కాదనలేకపోయింది" అని. నా మీద వాడికి కోపం వచ్చినా రెండు పూటలకి పోతుంది. రాసేశాను కూడా. కవరు అంటించాను. తర్వాత మళ్ళీ చింపేశాను. వాడు నీ చేతి సూది వేయించుకోవాలి. నా ఉత్తరం చదివి కాదు, నీ మొహం చూసి ఒప్పుకోవాలి. ఒక అబద్ధం తీయడానికి ఇంకొకటి పెడితే, తర్వాత దాన్ని తీయడానికి నేను ఎక్కడి నుంచి రావాలి?

మూడో విడత తేదీ ఎప్పుడో రాయలేదు. దానికి ముందే చెప్పు. మంచంలో పడి ఉన్నప్పుడు కాదు, లేచి తిరుగుతున్నప్పుడు. కడుపు నిండా తిన్నాక. చేతిలో కత్తెర ఉన్నప్పుడు మాత్రం చెప్పకు.

వాడు అరవడు. వాడు అలుగుతాడు. అది భరించడానికి సిద్ధపడు.

నేను బయల్దేరి రానా? ఒక్క మాట రాయి, చాలు.

మీ వదిన


ఇంటి నుంచి
జూలై 12

వదిన గారికి,

ఇవాళ్టి పనులు: ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాను. షాపుకి భోజనం పట్టుకెళ్ళాను. వాడేసిన సూదులన్నీ మందపాటి డబ్బాలో వేసి ఆసుపత్రిలో అప్పజెప్పాను. పాత పేపర్లు కట్ట కట్టాను. అంతే. ఈ వేళకి ఇంకా ఎండ ఉంది, చేయడానికి పనులు లేవు. ఊరికే కూర్చుని మీకు రాస్తున్నాను.

ఇన్నాళ్ళు రాయనందుకు ఏమీ అనుకోకండి. ఏ సంగతీ సగంలో ఉండగా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మధ్యలో మూత తీసే అలవాటు మానుకుంటున్నాను.

మూడో విడత జూన్ ముప్పైన అన్నారు. దానికి మూడు రోజుల ముందు ఆయన షాపు తెరుద్దామన్నారు. దుమ్ము దులిపాను. ఆయన మిషను ముందు కూర్చుని, చెయ్యి ఆడుతోందో లేదో చూసుకోవడానికి ఒక పాత దిండు గలేబు కుడుతున్నారు. కత్తెర నేను ముందే తీసి దాచాను.

"మూడు చాలని డాక్టరమ్మ అనలేదండీ. నేనే ఆపేశాను" అన్నాను.

తొక్కుతున్న కాళ్ళు ఆగాయి. "ఏవి?"

"సూదులు. ఏడూ వేయాల్సింది. నేను మూడు వేసి ఆపేశాను. మీకు అబద్ధం చెప్పాను. జ్వరం అందుకే వచ్చింది. సూది తప్పు కాదు."

అంతా చెప్పాను. లాబు కాగితం, ఎర్ర సిరా, ముప్పై ఎనిమిది వేలు, ఎరువు, గోదాము. మీ పేరు ఈసారి దాచలేదు. ఆయన గలేబు వైపు చూస్తూనే విన్నారు.

"ఆ అంకె చూసి ఏమనుకున్నావు?"

"జబ్బు తిరగబెట్టిందని."

"అంటే నేను పోతాననుకున్నావు."

నేను మిషను కింద పడ్డ దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఆ మధ్యాహ్నమేగా పేకాట నేర్పమన్నావు?" అన్నారు. "మూడు ఆటలు గెలిచానని నేను ఎంత మురిసిపోయాను. నువ్వు నన్ను గెలిపిస్తున్నావన్నమాట, పోయేవాడు కదా అని."

"అలా కాదండీ."

"ఇంకెలా? సూది ఆపావు సరే. భయపడ్డావు, ఆపావు. ఎవరైనా ఆపేవారేమో. అంత భయాన్ని ఎదురుగా పెట్టుకుని నాకు ముక్కలు పంచావు చూడు. నేను పక్కనే ఉన్నాను కదా. నాకు చెప్పడానికి ఏమొచ్చింది?"

దాచిన కత్తెర తీసి ఆయన ముందు పెట్టాను.

మీరు రాసినట్టే ఆయన అరవలేదు. షాపు ఆయనే మూసి, నాకంటే ముందు నడిచి ఇంటికి వచ్చారు. ఐదు రోజులు "నీళ్ళు", "తువ్వాలు" తప్ప నాతో మాట లేదు. మందుల డబ్బా తన మంచం పక్కన పెట్టుకుని, తన మాత్రలు తనే తీసుకోవడం మొదలుపెట్టారు. వదినా, ఆయన అరిచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. డబ్బా లేని ఆ అల్మారా వైపు చూడలేకపోయాను.

ముప్పైన కీమోకి వెళ్ళాం. సూదుల సంగతి ఏం చేశారని డాక్టరమ్మ అడిగితే, ఆయన, "రాయండి. ఇంట్లోనే వేసుకుంటాం" అన్నారు. ఎవరు వేస్తారో చెప్పలేదు. ఇంటి పక్క క్లినిక్‌లో కాంపౌండరు ఉన్నాడు కదా, అతని దగ్గరికి వెళ్తారేమో అనుకున్నాను. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

జూలై రెండో తేదీ పొద్దున నేను వంటగదిలో ఉన్నాను. ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. ఒక సూది తీసి బల్ల మీద పెట్టారు. చల్లదనం పోవడానికి అరగంట బయట ఉంచాలి కదా, ఆ అరగంటా దాని ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. తర్వాత చొక్కా పైకెత్తి, "చేతులు కడుక్కో" అన్నారు.

మూత తీసి, పొట్ట మీద చర్మం చిటికెలో పట్టుకున్నాను. "కుట్టు వంకర పోతుంది, నెమ్మది" అన్నారు. ఐదు రోజుల తర్వాత నాతో సరదాగా అన్న మొదటి మాట అది. సూది తీశాక దూది అదిమిపెట్టుకుని తన సంగతి చెప్పారు. పోయినసారి నడుము కొంచెం లాగుతోందని నాకు చెప్పారు కదా, అది కొంచెం కాదట. లేచి నిలబడలేనంత ఉండేదట. జబ్బు ఎముకల్లోకి దిగిందనుకుని, నేను బెంగపడతానని సగానికి తగ్గించి చెప్పారట. నేను అంకె దాచాను, ఆయన నొప్పి దాచారు. ఒక మంచం మీద పక్కపక్కన పడుకుని ఇద్దరం ఒకే భయాన్ని విడివిడిగా మోశాం. రెండూ మంచి గుర్తులే అని తెలిసిన డాక్టరమ్మ ఒక ఫోను దూరంలో ఉన్నారు.

"నన్ను ఎందుకు అలిగానని అడుగు" అన్నారు. "ఎందుకు?" అన్నాను. "నువ్వు దాచావని ఒక రోజు. నేనూ దాచానని గుర్తొచ్చి, ఎలా చెప్పాలో తెలియక మిగతా నాలుగు రోజులు" అన్నారు.

ఈసారి నొప్పి వచ్చినప్పుడు దాచలేదు. వీధికి వినపడేలా మూలిగారు. "కార్ఖానా నడుస్తోందే, నైట్ షిఫ్టు కూడా పెట్టినట్టున్నారు" అని నడుం పట్టుకుని నడిచారు. డాక్టరమ్మ చెప్పిన మాత్ర వేస్తే సర్దుకుంది. ఏడు సూదులూ పూర్తయ్యాయి. మధ్యలో లాబు అతను వీధిలో ఎదురై, "అమ్మా, పరీక్ష ఏమైనా చేయించాలా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి నడక పెంచాను.

నిన్న, డాక్టరమ్మ రమ్మన్న రోజునే, ఆసుపత్రిలోనే రక్తం ఇచ్చాం. కాగితం ఇద్దరం కలిసి విప్పాం. అది ఇప్పుడు మా ఇంట్లో నియమం. ఆరు వేల చిల్లర. జ్వరం లేదు, నోరు పూయలేదు. డాక్టరమ్మ ఆయన మెడ దగ్గర తడిమి చూసి, జబ్బు మొదట్లో అక్కడ లేచిన గడ్డ ఇప్పుడు చేతికి తగలడం లేదన్నారు. "నాలుగో విడత తేదీ మార్చే పని లేదు. మోతాదు కూడా" అన్నారు. ఇంకా మూడు విడతలున్నాయి. ముందు ఏముందో ఎవరూ చెప్పలేరు. అయినా నిన్న తిరిగి వచ్చేటప్పుడు ఆటో వద్దని నడిచి వచ్చాం. దారిలో ఆయన ఎదురుపడిన వాళ్ళందరి కాలర్లూ చూస్తూ, "ఇది ఎవడు కుట్టాడో" అని తిట్టుకుంటూ వచ్చారు.

మందుల డబ్బా మళ్ళీ అల్మారాలోకి వచ్చింది. తాళం లేదు, ఇద్దరం తెరుస్తాం.

మీరు రావాలనుకుంటే పనుల కోసం రాకండి. పనులు నాకు సరిపోవడం లేదు. పేకాటకి మూడో మనిషి కావాలి, అందుకు రండి.

ఇవాళ్టితో మీ తమ్ముడికి నేను పడిన బాకీ కూడా తీరిందని రాద్దామనుకున్నాను. ఆయన భుజం మీదుగా చదువుతూ, "తీరిందని ఇచ్చినవాళ్ళు రాస్తే చెల్లుతుందా? పుచ్చుకున్నవాళ్ళు కదా రాయాలి" అని కలం లాక్కుంటున్నారు. ఇక్కడి నుంచి ఆయన రాత.

మీ మరదలు

అక్కా,

ఈవిడ నాకు ఒక నిజం ఇవ్వాల్సి ఉండింది. ఆలస్యంగా ఇచ్చినా మొత్తం ఇచ్చింది, ముట్టింది. నేను దాచుకున్న సగం నొప్పి నేనూ ఇచ్చేశాను. ఇద్దరి మధ్యా బాకీ చెల్లు.

నీ తమ్ముడు